“ఏస్కుంటున్న మేడం”: సరే అంటూనే మందు మానేసిన ఒక బీడీ కార్మికురాలి కేసు

ఇది ఉత్తర తెలంగాణలో టీబీ మందు మొదలుపెట్టి మూడో రోజే ఆపేసిన ఒక బీడీ కార్మికురాలి కేసు. పేరు, ఊరు, కుటుంబ వివరాలు మార్చాం. ఒకటి రెండు చోట్ల ఇలాంటివే వేరే కేసుల సంగతులు కలిపాం. ఇక్కడ ఆమెను రాజవ్వ అందాం. క్లయింటు వ్యతిరేకత అనగానే తలుపు వేసుకోవడం, తిట్టడం, రానని మొండికేయడం గుర్తొస్తాయి. టీబీ రోగులతో మందు పూర్తి చేయించే మా పనిలో మాత్రం అది ఎక్కువసార్లు “సరే మేడం” రూపంలోనే ఎదురవుతుంది. ఈ రూపాన్ని పట్టుకోవడం కష్టం కాబట్టే ఈ కేసు రాస్తున్నాం.

నేపథ్యం

రాజవ్వకు 43 ఏళ్లు. భర్త గల్ఫ్‌లో కూలి, రెండేళ్లకోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో అత్త, 19 ఏళ్ల కూతురు ఉంటారు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పెళ్లికి తెచ్చిన అప్పు కొంత అప్పటికే నెత్తిమీద ఉంది.

ఇల్లు గడిచేది బీడీల మీద. తునికాకు రాత్రి తడిపి పెట్టుకోవాలి. పొద్దున రేకు కొలత పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టాలి. 25 బీడీలకు ఒక కట్ట, 40 కట్టలైతే వెయ్యి. ఒంట్లో బాగున్నప్పుడు ఆమె రోజుకు 800 చుట్టేది. మా దగ్గరికి వచ్చేసరికి అది 500కు పడిపోయింది. ఖార్ఖానాలో పేరుండటం అంటే రోజు కూలి ఒక్కటే కాదు, పీఎఫ్ కూడా దాని మీదే నడుస్తుంది. వరసగా తక్కువ కట్టలు అప్పజెప్పినా, బీడీలు బాగాలేవని తిప్పికొట్టినా ఆకు ఇవ్వడం తగ్గిస్తారనే భయం బీడీలు చుట్టే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

మూడు నెలలుగా దగ్గు. తంబాకు దుమ్ముకు వచ్చే దగ్గే అనుకుని ఆర్‌ఎంపీ ఇచ్చిన సిరప్ తాగింది. బీడీలు చుట్టేవాళ్లలో టీబీ ఆలస్యంగా బయటపడటానికి ఇదొక మామూలు కారణం, అందరికీ దగ్గు ఉంటుంది కాబట్టి ఎవరి దగ్గూ వింతగా అనిపించదు. కళ్లె (తెమడ) పరీక్షలో టీబీ క్రిమి కనబడింది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగని రకం కాదని సీబీనాట్ అనే జన్యు పరీక్షలో తేలింది. బరువు 41 కిలోలు. 35 నుంచి 49 కిలోల మధ్య ఉన్నవాళ్లకు నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజుకు 3 చొప్పున ఇస్తారు. మొదటి రెండు నెలలు 56 డోసులు, ఆ తర్వాత మూడు మందుల మాత్రలు 112 డోసులు. 28 మాత్రల స్ట్రిప్పులు మూడు ఇచ్చారు, అంటే 28 రోజులకు సరిపడా.

మా దగ్గరికి వచ్చిన సమస్య

నిజానికి మందు వేసుకోవడం లేదని ఎవరూ చెప్పలేదు. మూడో వారం వరకు ఆమె మాత్రల లెక్క అద్దంలా ఉంది. స్ట్రిప్పుల్లో ఖాళీ గుంటలు రోజుకు మూడు చొప్పున సరిపోయాయి. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: “ఏస్కుంటున్న మేడం, ఒక్క దినం గూడ ఇడ్వలె.”

అనుమానం రావడానికి కారణాలు రెండు. ఒకటి, దగ్గు తగ్గలేదు, బరువు అరకిలో కూడా పెరగలేదు. రెండోది ఇంకా ముఖ్యం. 22వ రోజు ఇంటికి వెళ్లినప్పుడు “వేసుకుంటున్నారా” అని అడగకుండా, మందు మొదలుపెట్టాక ఒంట్లో ఏమేం మారాయని అడిగాం. మూత్రం రంగు మాట ఆమే ఎత్తింది. “మొదట్ల రెండు దినాలు ఎర్రగ వొయింది, భయమైంది. ఇప్పుడు మంచిగనే వస్తుంది మేడం.”

రిఫాంపిసిన్ వేసుకున్నన్ని రోజులూ మూత్రం నారింజ రంగులో వస్తుంది. “ఇప్పుడు మంచిగనే వస్తుంది” అంటే మందు ఒంట్లోకి పోవడం లేదన్నమాట. రోజూ మూడు మాత్రలు నొక్కి తీసి, ఆకు కత్తిరించగా మిగిలిన తుక్కులో కలిపేస్తున్నానని ఆమె తర్వాత తానే చెప్పింది. ఖాళీ స్ట్రిప్పు లెక్కపెడితే మాత్ర రేకులోంచి బయటికి వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. ఇంకేదీ అడగకుండా అదొక్కటే చూసి మూడు వారాలు పోగొట్టుకున్నాం.

అప్పటిదాకా చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మొదటి వారం బొమ్మల పుస్తకం పెట్టి టీబీ గురించి వివరించాం: గాలి ద్వారా ఎలా వస్తుంది, ఆరు నెలల్లో ఎలా నయమవుతుంది, మధ్యలో ఆపితే ఏమవుతుంది. ఆమె అన్నిటికీ తలూపింది. జబ్బు గురించి తెలియకపోతేనే మందు మానేస్తారన్నది మా లెక్క. కానీ ఆ ఇంట్లో టీబీ ఇదివరకే వచ్చిపోయింది, ఆ జబ్బు ఒక మనిషిని ఏం చేస్తుందో ఆమె కళ్లారా చూసింది. పైగా ఆమెకు నిజంగా అవసరమైన రెండు సంగతులు మేం చెప్పలేదు, మూత్రం రంగు మారుతుందని, మొదటి రోజుల్లో కడుపులో తిప్పినట్టు ఉండొచ్చని. పరగడుపున మూడు మాత్రలు వేసుకుని రెండు రోజులూ వాంతి చేసుకుంది. మూత్రం చూసి రక్తం పోతోందనుకుంది. మూడో రోజు ఆపేసింది.

తర్వాత ఆశా వర్కర్ పొద్దున ఎనిమిదింటికి వచ్చి కళ్లముందు మాత్ర వేయించాలని ఏర్పాటు చేశాం. అయిదు రోజులు వచ్చింది కానీ కళ్లముందు మాత్ర వేయించలేకపోయింది. పొద్దున ఎనిమిది అంటే వాడకట్టంతా అరుగుల మీద ఉండే వేళ. “మీ ఇంటికి రోజూ ఎందుకొస్తుంది?” అని పక్కింటివాళ్లు అడగడం మొదలైంది. ఆరో రోజు రాజవ్వ తల్లిగారి ఊరికి వెళ్లిపోయింది, వారం దాకా రాలేదు. రిజిస్టర్‌లో “సహకరించడం లేదు” అని రాసుకున్నాం. ఏ పనికి సహకరించడం లేదన్నది రాసుకోలేదు.

పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి కదా, ఆ ఆశతోనైనా వేసుకుంటుందని నిక్షయ్ పోషణ్ యోజన కోసం బ్యాంకు పాస్‌బుక్ అడిగాం. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ “దొరుకుతలేదు” అంది. డబ్బు అవసరం అంతగా ఉన్న మనిషి వెయ్యి రూపాయలు ఎందుకు వదులుకుంటుంది? మేం అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

అన్నిటికన్నా పెద్ద తప్పు 22వ రోజు జరిగింది. మందు వరసగా నెల రోజులు ఆగితే చికిత్సకు అందకుండా పోయిన కేసుగా రికార్డులో పడుతుంది. ఆ గడువు దగ్గరికొస్తోందన్న కంగారు మాది. మూత్రం రంగు సంగతి వినగానే ఆమె బిడ్డ పేరెత్తి భయపెట్టాం: నీ దగ్గు పిల్లకు అంటుకుంటుంది, మందులకు లొంగని మొండి టీబీ అవుతుంది, అప్పుడు పెళ్లి ఎవరు చేసుకుంటారు అని.

అప్పటిదాకా గొంతు పెంచని మనిషి లేచి నిలబడింది. “మా ఇంటికి రాకుర్రి. మీ గోలీలు మీరే తీస్కపోండ్రి. నా బిడ్డను సంపుకునేదాని లెక్క కనవడుతున్ననా మీకు?”

మలుపు: ఆ కోపాన్ని ఎలా చదివాం

ఆ సాయంత్రం బృందంలో రెండు వాదనలు వచ్చాయి. పైఅధికారికి చెప్పి డాక్టర్‌తో గట్టిగా మాట్లాడించాలన్నది ఒకటి. ఆమె మాతో మొదటిసారి నిజం మాట్లాడింది, ఇదే మొదలు అన్నది రెండోది. రెండోదాన్నే ఎంచుకున్నాం.

1983లో విలియం మిల్లర్ మద్యం అలవాటున్నవాళ్లతో పని గురించి రాసిన వ్యాసంతో మొదలై, ఆ తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి ఎదిగిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిలో ఒక పరిశీలన ఉంది. మారాలా వద్దా అని మనిషి లోపల రెండు గొంతులు ఉంటాయి. మనం ఒక గొంతును ఎత్తుకుని వాదిస్తే, మిగిలిన గొంతు వినిపించడమే ఆ మనిషి పని అవుతుంది. మనం ఎంత గట్టిగా “వేసుకో” అంటే ఆమె నోట “వద్దు”కు అన్ని కారణాలు పుడతాయి. వాళ్లిద్దరూ తర్వాతి రోజుల్లో ‘వ్యతిరేకత’ అన్న మాటనే పక్కన పెట్టి దాన్ని రెండుగా విడదీశారు: మార్పు వద్దనడానికి మనిషి చెప్పే కారణాలు, సహాయం చేయడానికి వచ్చినవాళ్లతో పొసగకపోవడం. ఈ విడదీత మాకు వెంటనే పనికొచ్చింది. వాంతులు, పని నష్టం మొదటి రకం. ఎనిమిదింటికి ఆశా వర్కర్, బిడ్డ పేరెత్తి బెదిరించడం రెండో రకం. రెండోది మేం పుట్టించినదే. దాన్ని సరిచేయకుండా మొదటిదాని గురించి ఎంత మాట్లాడినా చెవికెక్కదు.

అందుకే నాలుగు రోజులు ఎవరూ ఆ ఇంటికి వెళ్లలేదు. మందు లేకుండా గడిచే ప్రతి రోజూ ప్రమాదమే కాబట్టి ఇది తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. కానీ ఆమె ఎలాగూ వేసుకోవడం లేదు, ఇంకోసారి తలుపు తడితే పూర్తిగా పోగొట్టుకుంటాం. నాలుగు రోజులే ఆగాలని ముందే డాక్టర్‌తో మాట్లాడుకున్నాం. ఓపికకు ఒక తేదీ ఉండాలి.

పనిచేసినది

27వ రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మందులిచ్చే రోజు. బీపీ మాత్రలకు ఆమె ఎలాగూ వస్తుంది. ఆ గుంపులో ఒక మనిషి ఇంకో గదిలోకి వెళ్తే ఎవరూ పట్టించుకోరు. మాట్లాడాల్సిన చోటు ఆమె ఇల్లు కాదని అప్పటికే అర్థమైంది.

మొదటి మాట క్షమాపణ. “అక్కా, ఇయ్యాల గోలీల సంగతి అడగం. ఆ రోజు బిడ్డ పేరు తీసి భయపెట్టుడు మా తప్పు.” ఆమె ఏం అనలేదు, కొంగుతో నోరు కప్పుకుని దగ్గి, కూర్చుంది. మా చేతిలో కాగితం, రిజిస్టర్ లేకుండా చూసుకున్నాం. తర్వాత అడిగింది ఒక్క ప్రశ్న: “గోలీలు ఏసుకుంటే నీకేం కష్టమైతది? మాకు తెల్వనిది చెప్పు.”

ఎందుకు వేసుకోలేదని అడిగితే నేరం ఒప్పుకోమన్నట్టుంటుంది, అబద్ధమే జవాబుగా వస్తుంది. ఏం కష్టమని అడిగితే లెక్క వస్తుంది. ఆమె లెక్క ఇది.

పొద్దున వాంతి అయితే రెండు గంటలు తల తిరుగుతుంది, ఆ రోజు 150 బీడీలు తగ్గుతాయి. ఆశా వర్కర్ వస్తే వాడకట్టుకు తెలుస్తుంది, వాడకట్టుకు తెలిస్తే సంబంధం తిరిగిపోతుంది. పాస్‌బుక్ ఇంట్లోనే ఉంది. కానీ ఆ ఖాతాకు ఉన్నది భర్త ఫోన్ నంబరు, ఆ సిమ్ గల్ఫ్‌లో ఆయన దగ్గరే ఉంది. డబ్బు పడగానే మెసేజ్ అక్కడికి పోతుంది. “గవి ఏం పైసలని అత్తనడుగుతడు.” అత్త దగ్గర ఆగింది ఆమె గొంతు. పదేళ్ల కింద యారాలికి (తోడికోడలికి) టీబీ వచ్చింది. నయమయ్యేదాకా ఉండిరమ్మని తల్లిగారింటికి తోలారు. “మల్ల తోల్కరాలె మేడం.”

పాస్‌బుక్ దొరకకపోవడం, తల్లిగారి ఊరికి వెళ్లిపోవడం, ఖాళీ స్ట్రిప్పులు, అన్నీ ఆ ఒక్క వాక్యంతో విడిపోయాయి. మందు వేసుకోకపోతే జబ్బు ముదరడానికి నెలలు పడుతుంది. మందు వేసుకుంటున్నట్టు తెలిస్తే ఇల్లు పోవడానికి ఒక ఫోన్ కాల్ చాలు. ఆమె కూర్చున్న చోటు నుంచి చూస్తే ఆ నిర్ణయంలో తప్పు లేదు.

తర్వాత కొలత ప్రశ్న అడిగాం. సున్నా నుంచి పది దాకా అని అడగడం పుస్తకాల్లో ఉంటుంది. మా ఊళ్లలో రూపాయి లెక్క బాగా నడుస్తుంది. “మందు వేసుకోవాలని మనసుల రూపాయికి ఎన్ని పైసలుంది?” ఆమె నలభై అంది. ఇక్కడ చాలామంది “మిగతా అరవై ఎందుకు లేదు” అంటారు. అలా అడిగితే మళ్లీ వద్దనడానికే కారణాలు వస్తాయి. “పది పైసలే ఎందుకు కాలేదు?” అని అడగాలి. కాసేపు ఆగి అంది: “బిడ్డ లగ్గంల పీట మీద నేను కూసోవాలె గద.” ఇంతకుముందు మేం బెదిరించిన విషయమే ఇది. మా నోట అది నింద, ఆమె నోట కారణం.

అప్పుడు మా పరిధి కూడా చెప్పేశాం. టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి, ఆ నమోదు ఇప్పటికే జరిగింది, తీసేయలేం. ఇంట్లో ఉన్నవాళ్లకు పరీక్ష జరగాలి, అది కూడా వదిలేయలేం. మందు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు వేసుకోవాలి, ఎవరికి చెప్పాలి అన్నవి ఆమె నిర్ణయాలు. ఈ గీత మొదటి రోజే గీసి ఉండాల్సింది. ఏది తన చేతిలో ఉందో తెలియని మనిషి అన్నిటినీ దాచుకుంటుంది.

ఏర్పాట్లు

వేళ మార్చడం: మధ్యలో మందు ఆగింది కాబట్టి డాక్టర్ కళ్లె మళ్లీ పరీక్షకు పంపారు, వాంతుల వల్ల లివర్ పరీక్ష కూడా చేయించారు. కళ్లెలో క్రిమి ఉంది కానీ మందుకు లొంగేదే, లివర్ బాగుంది. పరగడుపు మంచిదే అయినా వాంతికి మొత్తం డోసు మానేయడం కన్నా రాత్రి వేసుకోవడం నయమని డాక్టర్ ఒప్పుకున్నారు. సాయంత్రం ఏడింటికి తినడం, తొమ్మిదిన్నరకు మాత్రలు, వెంటనే పడక. కడుపులో తిప్పినా నిద్రలో పోతుంది, పొద్దున పని చెడదు. 29వ రోజు మొదటి డోసు నుంచి మళ్లీ మొదలు. ఈసారి రంగు సంగతి ముందే చెప్పాం, ఒక జాగ్రత్తతో: మూత్రం ఎర్రబడితే భయం లేదు, కానీ కళ్ల తెల్లగుడ్డు పచ్చబడినా, అన్నం చూస్తే వికారమై వాంతులు ఆగకపోయినా ఆ రోజే మాత్ర ఆపి రావాలి. అది కామెర్ల గుర్తు. మూత్రం రంగు మాత్రమే చెప్పి వదిలేస్తే కామెర్లు కూడా మందు రంగే అనుకునే ప్రమాదం ఉంది.

ఖాతా: పోస్టాఫీసులో ఆమె బటన్ ఫోన్ నంబరుతో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరవాలనుకున్నాం. వేలిముద్ర పడలేదు. ఏళ్ల తరబడి ఆకు, కత్తెర, దారంతో బీడీలు చుట్టేవాళ్ల బొటనవేలు, చూపుడువేలు గీతలు అరిగిపోతాయి. రెండుసార్లు తిరిగి వెళ్లారు. మూడోసారి చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, చుట్టేటప్పుడు తక్కువ వాడే ఎడమచేతి ఉంగరం వేలు పెడితే పడింది. బీడీలు చుట్టేవాళ్లతో పనిచేసేవారు ఈ వేలితోనే మొదలుపెడితే ఒక రోజు కూలి మిగులుతుంది.

తోడు: ఎవరి ముందు మాత్ర వేసుకుంటారని అడిగితే కూతురి పేరు చెప్పింది. మేం వెంటనే సరే అనలేదు. పెళ్లి కావాల్సిన 19 ఏళ్ల పిల్ల మీద తల్లి రహస్యం, తల్లి ప్రాణం రెండూ పెడుతున్నాం. పిల్లతో విడిగా మాట్లాడాం. తల్లి రాత్రుళ్లు దగ్గుతుంటే అసలేం జబ్బో తెలియక ఏడుస్తున్నానని చెప్పింది. తెలియడమే ఆమెకు ఊరట. ఆమెకు టీబీ లేదని పరీక్షల్లో తేలాక, రాకుండా కాపాడే మందు వారానికోసారి చొప్పున 12 డోసులు వేసుకుంది. వారానికోసారి ఫోన్ ఆమెకే చేసేవాళ్లం, అమ్మ సంగతికన్నా ముందు తన సంగతి అడిగేవాళ్లం.

లెక్క: క్యాలెండర్ మీద టిక్కు పెడితే అత్త చూస్తుంది. దారం ఆలోచన రాజవ్వదే. బీడీలు కట్టే దారం మూరెడు తీసి, మాత్రలు దాచిన డబ్బాలోనే పెట్టి, రాత్రికో ముడి వేసింది. నెలకోసారి ఆరోగ్య కేంద్రానికి వచ్చినప్పుడు ఆ దారం తెచ్చేది. వేసుకోని రాత్రి ముడి లేకుండా కొంత జాగా వదిలేది. మొదటి రెండు నెలల దారంలో అలాంటి ఖాళీలు రెండు, ఒకటి బంధువుల పెళ్లికి పోయిన రాత్రి, ఒకటి కరెంటు పోయి డబ్బా దొరకని రాత్రి. ఆ ఖాళీల గురించి ఆమె అడగకుండానే చెప్పింది. ఒకప్పుడు అన్ని గుంటలూ ఖాళీ అయిన స్ట్రిప్పు చూపిన మనిషే ఈ ఖాళీలున్న దారం చూపింది. మా దృష్టిలో పని కుదిరిందనడానికి అసలు గుర్తు అదే. వదిలిన రెండు డోసులూ చివర కలిపి 56 పూర్తి చేశాం.

ఫలితం

రెండు నెలల చివర కళ్లెలో క్రిమి లేదు. బరువు 43.5 కిలోలు. రోజుకు 700 బీడీల దాకా వచ్చింది. తర్వాతి 112 డోసుల్లో మూడు రాత్రులు తప్పాయి, అవీ చివర కలిపాం. చికిత్స ముగిసేనాటికి కళ్లె పరీక్ష మళ్లీ శుభ్రంగా వచ్చింది.

ఒక నైతిక చిక్కు చివరిదాకా మిగిలింది. నెలనెలా ఆరోగ్య కేంద్రానికి వచ్చేటప్పుడు అత్తతో “బీపీ గోలీలకు పోతున్న” అని చెప్పేది. అది ఆమె చెప్పిన మాట, సగం నిజం కూడా. మేం ఆ అబద్ధాన్ని నేర్పలేదు, అత్త మమ్మల్ని నేరుగా అడిగితే “కోడలినే అడగండి” అనడానికి సిద్ధమయ్యాం. అడిగే సందర్భం రాలేదు.

మా పద్ధతిలో మారినవి

మొదటి కలయికలో వేసే ప్రశ్నలు మారాయి. జబ్బు గురించి చెప్పేముందు ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా, వాళ్లకేమైందని అడుగుతాం. ఖాతా వివరాలు తీసుకునేముందు మెసేజ్ ఎవరి ఫోన్‌కు పోతుందని అడుగుతాం. ఇంటికి రావచ్చా, ఏ వేళ, ఎవరని చెప్పుకోవాలన్నది కూడా అప్పుడే తేల్చుకుంటాం.

“వేసుకుంటున్నారా” అన్న ప్రశ్న మానేశాం. అవునో కాదో చెప్పే ప్రశ్నకు మర్యాద తెలిసిన ప్రతి మనిషీ అవుననే అంటుంది. ఒంట్లో ఏం మారింది, ఏ రాత్రి కష్టమైంది అని అడుగుతాం. రిజిస్టర్‌లో “సహకరించడం లేదు” అని రాయడం ఆపి, ఏ పనికి, ఎవరి ముందు, ఏ వేళకు కాదన్నారో రాస్తున్నాం.

ఈ పద్ధతికి హద్దు ఉంది. ఇంట్లో పసిపిల్లలు ఉన్నా, అప్పటికే మందుకు లొంగని టీబీ అయినా నాలుగు రోజులు ఆగే వెసులుబాటు ఉండదు, డాక్టర్‌ను అదే రోజు కలపాలి. ఇంట్లో దెబ్బల భయం ఉంటే భర్త ఫోన్, అత్త మాట అనేవి వేరే రకం ప్రశ్నలవుతాయి, వాటిని మందు ఏర్పాట్లతో కలిపి చూడకూడదు.

తేలనిది ఒకటి ఉంది. ఊళ్లో ఇంటింటి పరీక్ష జరిగినప్పుడు అత్తకు కూడా ఎక్స్‌రే తీశారు, టీబీ లేదు. ఆమెకూ నివారణ మందు ఇవ్వాలి. ఇవ్వాలంటే ఇంట్లో ఎవరికి టీబీ వచ్చిందో చెప్పాలి. రాజవ్వ ఇంకా వద్దంటోంది, కూతురి పెళ్లి అయ్యాక తానే చెప్తానంటోంది. చికిత్స అయ్యాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి రాజవ్వను ఎలాగూ చూడాలి. ఆమె వచ్చిన ప్రతిసారీ అత్తకు దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా అని అడుగుతున్నాం. ఆరో నెల పరీక్షకు వచ్చినప్పుడు చెప్పింది, లగ్గం మాఘంలో పెట్టుకున్నారట.